పేరు లేని పొట్లం

గిద్దలూరులో నసీమా మెడికల్స్ ఎక్కడని అడిగితే, అక్కడ పుట్టి పెరిగినవాడు కూడా కాసేపు బుర్ర గోక్కుంటాడు. సాయిబు కొట్టు ఎక్కడని అడిగితే మాత్రం బస్టాండు ఎదురు సందులోకి స్వయంగా తీసుకెళ్ళి గుమ్మంలో నిలబెట్టి వస్తాడు. రెండూ ఒకటే. బోర్డు మీద ఉన్నది కోడలి పేరు, ఊరి నోట్లో ఉన్నది మామ పేరు.

మామ బుడే సాహెబ్ చదివింది ఏడో తరగతి. వయసులో ఉన్నప్పుడు కంభంలో ఒక డాక్టరు దగ్గర పన్నెండేళ్ళు కాంపౌండరుగా చేసి, ఆ డాక్టరు పోయాక గిద్దలూరొచ్చి మందుల దుకాణం పెట్టాడు. లైసెన్సు కావాలంటే చదువుకున్నవాడి సర్టిఫికెట్ గోడ మీద ఉండాలి. ఎవరిదో ఒకరిది అద్దెకు తెచ్చి తగిలించేవాడు. ఆ అద్దె సర్టిఫికెట్లతో వేగలేక చివరికి కొడుకు నవాజ్‌కు డి.ఫార్మసీ చదివిన పిల్లను వెతికి తెచ్చుకున్నాడు. పెళ్ళిచూపుల్లో పిల్లకు వంట వచ్చా అని అడగలేదు గానీ, రిజిస్ట్రేషన్ నంబరు వచ్చిందా అని రెండుసార్లు అడిగాడు. నసీమా కాపురానికొచ్చిన వారం లోపే ఆమె సర్టిఫికెట్ అద్దం బిగించుకుని గోడెక్కింది.

ఆ సంగతి తలచుకుని నసీమా ఇప్పటికీ నవ్వుకుంటుంది. నవ్వుకోక ఏం చేస్తుంది? మామ మంచివాడు. నవాజ్ లారీ మీద నెలలో ఇరవై రోజులు బయటే ఉంటే, ఆమెకు దుకాణం, ధైర్యం రెండూ ఇచ్చింది మామే. కొనలేనివాళ్ళకు ఊరికే మందిచ్చి పంపడం ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఆయన్ను ఒక్క మాట అనడానికి కూడా ఆమెకు నోరు రాదు. ఈ కథలో వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది.

ఇక పొట్లం సంగతి చెప్పాలి. ఆ చుట్టుపక్కల బోరునీళ్ళలో ఫ్లోరైడు ఉందని అందరికీ తెలుసు, ఆ నీళ్ళే అందరూ తాగారు. నలభై దాటేసరికి మోకాళ్ళు పట్టేస్తాయి, నడుము వంగనంటుంది. అలాంటివాళ్ళకు బుడే సాహెబ్ పొట్లం ఇస్తాడు. కల్వంలో మందులు మెత్తగా నూరి, తెల్ల కాగితంలో మడిచి, పొద్దున్నే తేనెలో కలిపి నాకమంటాడు. వారానికి ఏడు పొట్లాలు. కర్ర పట్టుకుని వచ్చినవాళ్ళు నాలుగో రోజుకు కర్ర మూలన పడేసేవాళ్ళు. రాచర్ల నుంచి, అటు కొమరోలు నుంచి ఆటోలెక్కి వచ్చేవాళ్ళు. సాయిబు హస్తవాసి అలాంటిది అనేవాళ్ళు. ఆ మాటకు తగ్గట్టే దుకాణంలో ఒక ఆచారం పుట్టింది. మిగతా మందులు ఎవరిచ్చినా ఫరవాలేదు, పొట్లం మాత్రం సాయిబు చేత్తోనే ఇవ్వాలి.

ఆ పొట్లంలో ఏముందో నసీమాకు వచ్చిన మొదటి నెలలోనే తెలిసింది. ఒక నొప్పి బిళ్ళ, ఒక గ్యాసు బిళ్ళ, కందిగింజంత తెల్ల బిళ్ళలో సగం. ఆ సగం బిళ్ళ స్టెరాయిడ్. రోజుల కొద్దీ తింటే ఒంట్లో సహజంగా ఊరవలసిన హార్మోను ఊరడం మానేస్తుందనీ, ఎముకలు గుల్లబారతాయనీ, ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందనీ ఆమె పరీక్షలో పేజీన్నర రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. మామను అడిగింది. సగమే గదా బేటీ అన్నాడాయన. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. రెండోసారి అడగలేకపోయింది. తరవాత ఆయన చేతులకు వణుకొచ్చాక, నూరడం ఆమె పనే అయింది. ఆమె నూరుతుంది, ఆయన మడిచి ఇస్తాడు. అట్లా తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఒక సోమవారం పొద్దున పదిగంటలప్పుడు వెంకాయమ్మ వచ్చింది. రాచర్ల అవతల పల్లె ఆమెది, ముప్పై మేకల ఆసామి. నాలుగేళ్ళుగా పొట్లం వాడుతోంది. బుడే సాహెబ్‌ను అన్నా అని పిలుస్తుంది కాబట్టి నసీమా ఆమెకు కోడలయింది. ఎప్పుడూ వచ్చీ రాగానే నాలుగు వీధులకు వినబడేలా పలకరించే మనిషి, ఆ రోజు గల్లాపెట్టె పట్టుకుని నిలబడి కాసేపు ఊపిరి తీసుకుంది. తరవాత కొంగుముడి విప్పి ఆరు పొట్లాలు బల్ల మీద పెట్టింది.

"ఇవి మిగిలినాయి కోడలా. ఎవురికన్నా ఇయ్యండి. నాకు బుధవారం మార్కాపురంలో ఆపరేషను. మేకకు చేదుకట్టు ఉంటది చూడు, మనకూ ఉంటదంట. దాంట్లో రాళ్ళు పడినాయంట."

పిత్తాశయంలో రాళ్ళకు ఆ ఆపరేషను అయ్యేదాకా బయటివి ఏవీ తినొద్దని ఆస్పత్రిలో ఎవరో చెప్పారట. చెప్పింది ఫలహారాల గురించి అయి ఉంటుంది. వెంకాయమ్మ పొట్లం కూడా మానేసింది. మానేసి రెండు రోజులైంది. కళ్ళు తిరుగుతున్నాయి, కాళ్ళల్లో సత్తువ లేదు, తిండి తగ్గినందువల్లేమో అంది. నసీమా బల్ల ఇవతలికి వచ్చి స్టూలు జరిపి ఆమెను కూర్చోబెట్టింది. బీపీ చూస్తే తక్కువగా ఉంది.

ఏమైనా మందులు వాడుతున్నావా అని ఆస్పత్రిలో అడగలేదా అత్తా అని నసీమా మెల్లగా అడిగింది. అడక్కపోవడమేంది అంది వెంకాయమ్మ. ఆ జవాబు చెప్పేటప్పుడు ఆమె మొహం కాస్త వెలిగింది కూడా.

"బిళ్ళలేమన్నా వాడతావా అని డాక్టరు అడిగినాడు. నా జన్మలో జలుబు బిళ్ళ గూడా మింగినదాన్ని కాదు సార్ అని చెప్పినా. అట్లే రాసుకున్నారు."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో బిళ్ళంటే అట్టలోంచి నొక్కితే ఊడిపడేది, నీళ్ళతో మింగేది. పొట్లం అట్లాంటిది కాదు. అది సాయిబన్న నూరి ఇచ్చే పొడి, తేనెలో నాకేది. నాలుగేళ్ళలో అది బిళ్ళేనని ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. మెత్తగా నూరి నూరి నసీమాయే ఆ సంగతి ఆనవాలు లేకుండా చేసింది.

నసీమా మనసులో లెక్క వేసుకుంది. ఎల్లుండి ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టి మత్తిస్తారు. కోత పడ్డప్పుడు తట్టుకోవడానికి ఈ మనిషి ఒంట్లో ఊరవలసింది ఊరదు. బీపీ పడిపోతుంది. ఎందుకు పడిపోతోందో అక్కడ ఎవరికీ తెలియదు, ఎందుకంటే కాగితం మీద ఏ మందూ వాడదని రాసి ఉంది. ముందు ఒక పొట్లం విప్పి, నీళ్ళలో కలిపి, ఇది ఇప్పుడు తాగాల్సిందే అత్తా అని తాగించింది. తరవాత దుకాణం వెనక గదిలోకి వెళ్ళింది.

బుడే సాహెబ్ చాప మీద కూర్చుని కాగితాలు పొట్లానికి సరిపడా చింపుతున్నాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, కోడలు చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు. డాక్టరుకు రాసి పంపాలి మామా అంది నసీమా. మన లెటర్‌ప్యాడు మీద, ఏం మందు, ఎంత, ఎన్నాళ్ళు అన్నీ రాయాలి. ఆయన వెంటనే వద్దన్నాడు. డాక్టరు చీటీ లేకుండా ఈ మందివ్వడం తప్పు, ఆ కాగితం ఎవరి చేతికి పోయినా లైసెన్సు పోతుంది, అది నీ పేరు మీద ఉంది, నేనేమో ఇవాళో రేపో, పోయేది నీ బతుకే అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఫోనులో నవాజ్ కూడా అదే అన్నాడు. పేరూ సంతకం లేకుండా తెల్ల కాగితం మీద రాసివ్వు, తెలియాల్సింది తెలుస్తుంది, మనం చిక్కుకోం అన్నాడు.

ఆ ఉపాయం నసీమాకు నచ్చింది. నచ్చిందని తరవాత ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. పొట్లాల కాగితం ఒకటి తీసుకుని మూడు మందుల పేర్లూ, నాలుగేళ్ళుగా వాడుతోందనీ రాసి, దుకాణం పేరు లేకుండా మడిచి, మిగిలిన ఐదు పొట్లాలతో పాటు వెంకాయమ్మ కొంగున ముడేసింది. ఇది మత్తు డాక్టరుకు చూపించాలి, మర్చిపోవద్దు, అప్పటిదాకా రోజూ పొట్లం మానొద్దు అని మూడుసార్లు చెప్పింది. వెళ్ళేముందు వెంకాయమ్మ అన్నకు చెప్పిపోతానని వెనక గదిలోకి తొంగిచూసింది. ఆయన ఆమెతో ఏదో రెండు మాటలు లోగొంతుకతో అన్నాడు. నసీమాకు వినబడలేదు.

మంగళవారం మధ్యాహ్నానికి వెంకాయమ్మ ఆస్పత్రిలో చేరి ఉంటుంది. నసీమా నిలవలేక ఆమె కొడుకు కాటమరాజుకు ఫోను చేసింది. చీటీ ఇచ్చినారా అని అడిగింది. ఇచ్చినామక్కా అన్నాడు. నర్సు చూసి, ఇది ఎవరు రాసిచ్చినారు, ఏ ఊరు, ఏ దుకాణం అని అడిగిందట. అమ్మ తెలియదంది. తెలియకుండా ఎట్లొచ్చిందని గదిమితే, ఎవరో బస్సులో రాసిచ్చినారని చెప్పిందట. ఊరూ పేరూ లేని చీటీలు తెస్తారు మీరు అని నర్సు దాన్ని పక్కన పడేసింది.

"మీ దుకాణమేనని చెప్పబోయినా అక్కా. అమ్మ నా చెయ్యి గిల్లింది. సాయిబన్న తన పేరు చెప్పొద్దన్నాడు, మాటిచ్చినా అంటది."

నసీమా ఫోను పెట్టేసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకు తెలియలేదు. ప్రాణం పోతుందని తెలియక మాట నిలబెట్టుకుంటున్న మనిషి మీదా? ఆ మాట తీసుకున్న ముసలాయన మీదా? సంతకం ఎగ్గొట్టి చీటీ రాసిన తన మీదా? చివరిదే న్యాయంగా తోచింది. ఆమె సొరుగులోంచి లెటర్‌ప్యాడు తీసింది. పైన నసీమా మెడికల్స్, గిద్దలూరు అని అచ్చులో ఉంది. మూడు పేర్లూ, మోతాదూ, నాలుగేళ్ళనీ, డాక్టరు చీటీ లేకుండా మా దుకాణం నుంచే ఇచ్చామనీ, రెండు రోజులు మానేసిందనీ రాసింది. కింద సంతకం పెట్టి, రిజిస్ట్రేషన్ నంబరు వేసి, స్టాంపు గుద్దింది. పెళ్ళిచూపుల్లో మామ రెండుసార్లు అడిగిన నంబరు అది. ఇన్నేళ్ళలో అవసరమై రాయడం అదే మొదటిసారి అనిపించింది ఆమెకు.

తల ఎత్తితే మామ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ ఇంగ్లీషు వాక్యాలు అర్థం కాకపోయినా ఆయన స్టాంపు గుర్తుపట్టగలడు.

"నేను మార్కాపురం పోతాండా మామా," అంది నసీమా. "ఆమె మీ పేరు చెప్పలేదంట. అందుకని చీటీ పడేసినారంట."

ఆయన బల్ల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఆయన భయం లైసెన్సు గురించి కాదనీ, జైలు గురించి కూడా కాదనీ నసీమాకు అప్పుడు అర్థమైంది.

"చదువు లేనోన్ని బేటీ నేను," అన్నాడు. "సాయిబు చెయ్యి మంచిదని అనుకున్నారు. ఆ ఒక్క మాట మీద బతికినా. అది సగం బిళ్ళ అని తెలిస్తే ఇంక నాదంటూ ఏముండాది?"

నసీమాకు జాలేసింది, నిజంగా జాలేసింది. అయినా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. దుకాణం మూసి, తాళం ఆయన చేతిలో పెట్టి బస్టాండుకు నడిచింది.

మార్కాపురం బస్సు కదలబోతుంటే ఎవరో తలుపు మీద కర్రతో కొట్టారు. కండక్టరు తలుపు తీస్తే బుడే సాహెబ్. తలమీద టోపీ, చేతిలో దుకాణం తాళం. మెట్లెక్కడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. ఆయన వచ్చి నసీమా పక్క సీటులో కూర్చున్నాడు. కంభం దాటి తర్లుపాడు దగ్గరకొచ్చాక, ఆ కాగితంలో నా పేరుందా అని అడిగాడు. లేదంది నసీమా. రాయమన్నాడు. బస్సు ఊగుతుంటే ఒళ్ళో పెట్టుకుని వంకర అక్షరాలతో రాసింది.

మత్తు డాక్టరు శ్యాంసన్ చిన్నవాడు, ముప్పై ఐదు ఉంటాయేమో. కాగితం రెండుసార్లు చదివాడు. దుకాణం ఎవరిదని అడిగాడు. నాది, లైసెన్సు నాది, నూరింది కూడా నేనే అంది నసీమా. వెనక నుంచి బుడే సాహెబ్ ముందుకొచ్చి, ఇచ్చింది నేను, నా పేరు చెప్పొద్దన్నది కూడా నేనే అన్నాడు. డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తిడతాడనుకుంది నసీమా. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేది. ఆయన ఆ పని చేయకుండా ఫోను తీసి ఆపరేషను వాయిదా వేయించాడు. ఆమె ఒంటిని సరిచేసి, ముందే కావలసిన ఇంజక్షన్లు ఇచ్చి, అప్పుడు చేస్తామన్నాడు.

"ఇది చెప్పకపోయుంటే రేపు ఆమెను బల్ల మీంచి లేపలేకపోయేవాణ్ణి," అన్నాడు. "ఈ కాగితం ఫైల్లో పెడతాను. అడగాల్సినవాళ్ళు అడిగితే తీసి చూపిస్తాను కూడా."

పెట్టండి సార్ అంది నసీమా.

వార్డులో వెంకాయమ్మ మంచం మీద కూర్చుని ఉంది. సాయిబును చూడగానే లేవబోయింది. ఇంత ఎండలో ఎందుకొచ్చినావన్నా, నేను నీ పేరు చెప్పలేదులే అని మెల్లగా అంది. బుడే సాహెబ్ మంచం కమ్మీ పట్టుకుని నిలబడి, నసీమా నోరు విప్పేలోపు తానే చెప్పాడు. పొట్లంలో ఉన్నది బిళ్ళలేననీ, వాటిల్లో ఒకటి చెడ్డదనీ, మోకాళ్ళు లేపిందీ అదే, ఇప్పుడు ఒళ్ళు గుల్ల చేసిందీ అదేననీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకునే ఉన్నాడు.

వెంకాయమ్మ ఆ చేతి వంక చూసింది.

"అయితే నీ చేతిలో ఏం లేదా అన్నా?"

"లేదమ్మా."

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. నసీమా నీళ్ళ గ్లాసు అందించబోతే వద్దంది. కాటమరాజు ఏం చేయాలో తెలియక తువ్వాలు భుజం మార్చి వేసుకున్నాడు. ఆమె గోడకే చెబుతున్నట్టు మాట్లాడింది.

"మేకలకు గూడా పేరు పెట్టుకుంటాం మేము. నాలుగేండ్లు తిన్నదానికి ఒక పేరుండాదని, ఒక్కనాడన్నా చెప్పినావా?"

బుడే సాహెబ్, నసీమా ఆఖరి బస్సుకు తిరిగొచ్చారు.

మర్నాటి నుంచి సాయిబు దుకాణంలో పొట్లం లేదు. అయితే అందరికీ ఒక్కరోజులో మానిపిస్తే అది ఇంకో తప్పు. అందుకని పొట్లం కోసం వచ్చిన ప్రతి మనిషినీ నసీమా కూర్చోబెట్టి, ఏం తిన్నారో పేర్లతో రాసి, సంతకం పెట్టి, గవర్నమెంటు ఆస్పత్రికి పంపింది. ఆ రాసే పని నెల దాటినా తెమల్లేదు. కొందరు విని దండం పెట్టారు. కొందరు బూతులు తిట్టారు. పొట్లం ఇవ్వరా అయితే అని విసురుగా వెళ్ళినవాళ్ళు ఇంకో వీధిలో ఇంకో పొట్లం వెతుక్కునే ఉంటారు, ఆ దిగులు నసీమాను ఇప్పటికీ వదల్లేదు. ఫైల్లో కాగితాన్ని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆమె అనుకునే ఉంది. బుడే సాహెబ్ మాత్రం దుకాణంలోకి వస్తాడు, మూల స్టూలు మీద కూర్చుంటాడు, ఎవరికీ ఏమీ ఇవ్వడు. కల్వం కడిగి పైఅరలో పెట్టేశారు.

రెండు నెలల తరవాత వెంకాయమ్మ వచ్చింది. ఆపరేషను బాగానే అయింది, రాళ్ళు తీసేశారు. కానీ మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి. కర్ర పట్టుకుని, ఆగి ఆగి, ఆటో నుంచి దుకాణం దాకా పది అడుగులకు పావుగంట తీసుకుంది. మేకలు సగం అమ్మేశారట. సాయిబు వైపు చూడకుండా డాక్టరు రాసిన చీటీ బల్ల మీద పెట్టింది. ఆ స్టెరాయిడే, కొంచెం కొంచెం తగ్గిస్తూ మానాలని రాసి ఉంది. నసీమా అట్ట తీసి, పేరు, తారీఖు తెగకుండా మొత్తం అట్ట అట్లాగే ఆమె ముందు పెట్టింది.

వెంకాయమ్మ అట్ట ముట్టుకోలేదు.

"నువ్వు గాదు కోడలా. ఆయన్ను ఇయ్యమను."

బుడే సాహెబ్ తలెత్తాడు. స్టూలు మీంచి లేవడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది. బల్ల దగ్గరకొచ్చి అట్ట తీసుకున్నాడు. ఆమె వైపు చాపాడు. ఆమె చెయ్యి ఇంకా చాపలేదు.

"పేరు చెప్పి ఇయ్యి."

ఆయన ఇన్నేళ్ళలో ఏ మనిషికీ చెప్పని పేరు. నోరు తిరగక మొదటిసారి తడబడ్డాడు. రెండోసారి డెక్సామెథసోన్ అన్నాడు. ఆమె ఆ పేరును మెల్లగా, ముక్కలు ముక్కలుగా తన నోటితో అనుకుంది, తప్పుపోతే మళ్ళీ అడిగింది, ఆయన మళ్ళీ చెప్పాడు. పూర్తిగా నోటికి వచ్చాక అప్పుడు చెయ్యి చాపి, ఆయన చేతి మీదుగా మందు తీసుకుంది.